పరుపు మోసింది నలుగురు: తాగే అన్నను వదిలేయాలా అని అడిగిన చెల్లికి

విజయవాడ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. ఆమె రాసింది క్లుప్తంగా ఇదీ. అన్నయ్యకి 41 ఏళ్లు. ఆటో నడిపేవాడు. తాగుడు ముదిరి కిస్తీలు కట్టక ఆటో కూడా పోయింది. భార్య పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అమ్మ పింఛను ఒకటో తారీఖునే లాక్కుంటాడు. "ఇదే ఆఖరు" అంటూ చెల్లి దగ్గర ఎన్నిసార్లు తీసుకున్నాడో లెక్కలేదు. మొన్న క్రిస్మస్ రాత్రి అమ్మని తోసేస్తే ఆవిడ మణికట్టు విరిగింది. పాస్టరు గారు డెబ్బై ఏళ్ల మారులు క్షమించమంటున్నారు. భర్త మాత్రం ఇంక వాడు మన గడప తొక్కడానికి వీల్లేదంటున్నాడు. "ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. నేను వదిలేస్తే దేవుని ముందు దోషినవుతానా?"

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీ అన్నయ్యని వదులుకోకండి. కానీ మీరొక్కరే మోయకండి. ఆయన చేతికి డబ్బివ్వకండి. అమ్మగారున్న ఇంట్లో ప్రస్తుతానికి ఆయన్ని ఉంచకండి. ఈ నాలుగూ ఒకదానికొకటి అడ్డం అనిపిస్తాయి, కావు. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను గుంటూరులో 34 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా చర్చి సంఘం స్త్రీల సమాజం తరఫున ఇళ్ల దర్శనానికి, అంటే కష్టంలో ఉన్న ఇళ్లకి వెళ్లి పలకరించడానికి, తిరగడం మొదలుపెట్టి 26 ఏళ్లయింది. వెళ్లిన ఇళ్లలో సగానికి పైగా తాగుడున్న ఇళ్లే. నేను పాస్టరమ్మను కాను, వేదాంతం చదవలేదు. చూసింది, చేసింది, చేసి తప్పుపోయింది మాత్రమే రాస్తున్నాను.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో కపెర్నహూములో జరిగిన సంగతి మీకు తెలిసిందే. పక్షవాయువు వచ్చిన మనిషిని పరుపు మీద మోసుకొచ్చారు. జనం దారివ్వలేదు. ఇంటి కప్పు విప్పి పరుపు దింపారు. సండే స్కూల్లో పిల్లలకి బొమ్మలేసి మరీ చెప్పే కథ. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఇళ్ల దర్శనంలో పదేళ్లు తిరిగాకే అందులో రెండు మాటలు నాకు కనబడ్డాయి. ఒకటి, మోసింది నలుగురు అని మార్కు లెక్క చెప్పాడు. రెండు, యేసు వాళ్ల విశ్వాసం చూశాడు. పడుకున్నవాడి విశ్వాసం సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. మన ఊళ్లలో నలుగురూ కలిసి మోయడమంటే చచ్చిపోయాకే. బతికుండగా మోయడానికి నలుగురు దొరికితే ఎన్ని ఇళ్లు నిలబడేవో నేను కళ్లారా చూశాను.

మనిషిని వదిలేయడం ఎప్పుడు జరుగుతుందో గమనించారా? ప్రేమ లేక కాదు. ఒక తల్లో, ఒక భార్యో, ఒక చెల్లో మొత్తం బరువు నెత్తినేసుకుని, అయిదారేళ్లు మోసి, నడుం విరిగి కింద పెట్టేస్తారు. అప్పుడు ఊరంతా "అయ్యో, వదిలేసింది" అంటుంది. ఆ ఊరిలో ఒక్కడైనా ఒక మూల పట్టుకుని ఉంటే ఆమె వదిలేది కాదు. మీ ఉత్తరం చదివితే నాకు అదే కనిపించింది. డబ్బిచ్చేది మీరే, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది మీరే, అమ్మకి కట్టు కట్టించింది మీరే, మీ ఆయనకి సర్దిచెప్పేది మీరే. ఇన్ని చేతులు ఒక మనిషికి దేవుడివ్వలేదు.

మీ పాస్టరు గారు చెప్పిన వాక్యం గురించి. "డెబ్బది ఏళ్ల మారులు" అనే మాటని మా అత్తగారు చాలాకాలం డెబ్బై సంవత్సరాలనుకునేది. ఏళ్లంటే అక్కడ ఏడులు, అంటే డెబ్బై ఏడుల సార్లు. క్షమించడానికి లెక్క పెట్టుకోవద్దనే అర్థం. అది మత్తయి 18వ అధ్యాయంలో 22వ వచనం. పాస్టరు గారు చెప్పింది నిజమే, నేను కాదనను. కానీ అదే అధ్యాయంలో కొంచెం పైన 15 నుంచి 17 దాకా చదవండి. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమన్నాడు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమన్నాడు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమన్నాడు. అంటే యేసు ప్రభువు కూడా దీన్ని ఒక్క మనిషి మీద వదల్లేదు. సంఘం మాట కూడా వినకపోతే వాణ్ణి అన్యుడిలా, సుంకరిలా, అంటే పన్ను వసూలు చేసేవాడిలా చూడమన్నాడు. దీన్ని పట్టుకుని "చూశారా, వెలివేయమన్నాడు" అంటారు కొందరు. మరి సుంకరులతో ప్రభువు ఎలా ఉన్నాడు? వాళ్లింట్లో కూర్చుని భోంచేశాడు. ఈ మాట రాసిన మత్తయే ఒక సుంకరి. నాకు అర్థమైనంతలో, ఇంక వాణ్ణి విశ్వాసి అన్న భ్రమతో చూడకండి, మళ్లీ మొదటినుంచి వెతకవలసిన మనిషిలా చూడండి అని.

క్షమించడం మీ గుండెలో జరిగే పని. అది ఈ రాత్రే చేయొచ్చు, రేపు మళ్లీ చేయాల్సి రావొచ్చు. కానీ క్షమించాను కాబట్టి మళ్లీ పర్సు ఇస్తాను, మళ్లీ అమ్మని ఆ ఇంట్లోనే పెడతాను అనడం క్షమాపణ లెక్కలోకి రాదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. దర్శనాలు మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకావిడ రాత్రి పదింటికి మా ఇంటికొచ్చింది. పెదవి వాచిపోయి ఉంది. చంకలో రెండేళ్ల పాప. నేను ప్రార్థన చేసి, "ఓర్చుకో తల్లీ, నువ్వు ఇల్లు వదిలితే ఆయన ఇంకా పాడైపోతాడు" అని చెప్పి, నేనే రిక్షా ఎక్కించి వెనక్కి పంపాను. నాలుగో రోజు నా డ్యూటీలోనే ఆమెని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. పక్కటెముకలు రెండు విరిగాయి. నన్ను చూసి ఒక్క మాట అనలేదు. పడుకునే చేయెత్తి "వందనాలమ్మా" అంది. ఆ చేతికి అప్పటికింకా గాజులు విరిగి గుచ్చుకున్న పెంకులున్నాయి. నేనే ట్వీజర్‌తో ఒక్కొక్కటీ తీశాను. ఆ రోజు నుంచి దెబ్బలున్న ఇంటికి ఎవర్నీ ఓర్చుకోమని తిరిగి పంపలేదు, పంపను.

అందుకని మీ అమ్మగారి సంగతి మొదటిది. ఆవిడని కొన్నాళ్లు మీ ఇంటికి తెచ్చుకోండి, లేదా ఆయన్నే వేరే చోట ఉండమనండి. పింఛను ఆవిడ చేతికి అందేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండేలా చూడండి. మళ్లీ చెయ్యి లేస్తే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. 2005 గృహహింస చట్టం భార్యలకే అనుకుంటారు, కన్నకొడుకు మీద తల్లి కూడా రక్షణ అడగొచ్చు. ఫోన్ చేస్తే అన్నయ్యని వదిలేసినట్టు అనుకోకండి. తల్లిని కొట్టిన చేయి అని ఆయన జీవితమంతా మోయాల్సిన బరువు ఇంకా పెరక్కుండా ఆపుతున్నారు.

డబ్బు. తాగే మనిషి చేతిలో పెట్టిన నోటు ఎక్కడికెళ్తుందో మీకు తెలుసు, నాకు తెలుసు. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి దూరదేశానికి మనియార్డరు పంపలేదు. పందుల పొట్టుకి ఆశపడే గతి పట్టిందాకా ఆగాడు. కానీ వాడింకా దూరంగా ఉండగానే చూశాడని లూకా రాశాడు. దారి వైపు చూడ్డం మానని మనిషికే అలా దూరం నుంచి కనబడుతుంది. రెండూ చేశాడు ఆ తండ్రి. మీరు అన్నం పెట్టండి, మందులు కొనండి, బస్సెక్కించండి, కటింగ్ షాపు వాడికి మీరే డబ్బిచ్చి గడ్డం గీయించండి. నోటు మాత్రం చేతిలో పెట్టకండి. అప్పులవాళ్లు మీ ఇంటికొస్తే "నేను హామీ లేను" అని ఒక్కసారి చెప్పి తలుపేసుకోండి. మొదటి నెల మీకు నిద్ర పట్టదు, నాకూ పట్టలేదు మా మేనల్లుడి విషయంలో.

ఇప్పుడు నర్సుగా రెండు మాటలు. వీటిని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

రోజూ బాగా తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పించకూడదు. ఉపవాస కూడికలో ముందుకొచ్చి "ఈ రోజుతో మానేస్తున్నాను" అని ఒట్టేసిన ఒక తమ్ముడు నిజంగానే మానేశాడు. ఆ సాయంత్రానికే చేతులు వణుకు, చెమటలు. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురు తీసుకుని కొడుతున్నాడు, భార్యని గుర్తుపట్టట్లేదు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందని కేకలేసి ప్రార్థన చేస్తున్నారు. నన్ను పిలిస్తే వెళ్లాను. నాడి పట్టుకుంటే నిమిషానికి 130 కొట్టుకుంటోంది, ఒళ్లు కాలిపోతోంది. "ప్రార్థన ఆపకండి, ఆటోలో చేయండి" అని చెప్పి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అది మందు ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడుకొచ్చే జబ్బు. మానేసిన కొద్ది గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకి ఇలా మతి తప్పుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. డాక్టర్లు మత్తు ఒక్కసారిగా దిగిపోకుండా మెల్లగా దించే మాత్రలిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ చేస్తారు, వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది. కాబట్టి మీ అన్నయ్య మానేస్తానని ఎప్పుడంటే అప్పుడు ముందు ఆసుపత్రి, తర్వాత సాక్ష్యం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, ఖర్చు లేదు. మనసు బాగోక, నిద్ర పట్టక మీరే మాట్లాడాలనుకుంటే 14416.

రెండోది, గోడల మీద పోస్టర్లు చూసి "వాళ్లకి తెలియకుండా అన్నంలో కలిపే మందు" తెచ్చుకోకండి. అలాంటి వాటిలో ఏముంటుందో తినేవాడికీ పెట్టేవాడికీ తెలియదు. డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగా ఉంది, పనిచేస్తుంది. కానీ అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడు భయపడి తాగడు. తెలియనివాడు తాగి పడిపోతాడు. ప్రేమతో పెట్టిన ముద్ద విషం కాకూడదు కదా.

సరే, అసలు పని ఎలా చేయాలి? నాకు బాగా గుర్తున్న ఇల్లొకటి చెబుతాను.

ఆయన మిర్చి యార్డులో ముఠా కూలీ. నలభై కిలోల పైనుండే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పొద్దుటినుంచీ మోసి, సాయంత్రం వచ్చిన కూలి వచ్చినట్టు తాగేవాడు. భార్య తొడిమలు తీసే పనికెళ్లేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని ఉంది, మిరపకాయ మంటకి. లేచి వందనం పెట్టడానికి కూడా చేతులు తీయలేకపోయింది. ఆయన లోపల్నుంచి తలుపు ధడాలున వేశాడు.

ఈసారి నేనొక్కదాన్నే మొయ్యదలుచుకోలేదు. సంఘంలో ముగ్గురిని అడిగాను. యార్డులోనే గుమాస్తాగా చేసే ఒకాయన, ఆ కూలీకి పాత స్నేహితుడే. టైలరింగ్ చేసే ఒకావిడ. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు. నేను నాలుగోదాన్ని. పనులు పంచుకున్నాం. భార్య బాగోగులు టైలరమ్మ చూడాలి. కూలి డబ్బు ఆయన ఒప్పుకున్నప్పుడు గుమాస్తా దగ్గరుంచి ఇంటికి చేర్చాలి. ఆసుపత్రి నా వంతు. మాస్టారు ఏమీ చేయక్కర్లేదు, ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి వెళ్లి గుమ్మం ముందు పది నిమిషాలు నిలబడి, "బాగున్నావా బాబూ" అని అడిగి వచ్చేయాలి. వాక్యం చెప్పకూడదు, మానేయమనకూడదు. ఆయనకి వీలుకానివారం మాలో ఒకరు.

తలుపు తెరుచుకోలేదు. వానాకాలం పోయింది, క్రిస్మస్ పోయింది, ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం దినాలు వచ్చాయి. మాస్టారు గొడుగేసుకుని వెళ్లి, మూసిన తలుపుని పలకరించి వచ్చేవారు. వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు. నేనే ఒకసారి, "ఇంక చాలేమో మాస్టారూ" అన్నాను. "బడికి రాని పిల్లాడి పేరు కూడా రిజిస్టర్లో పిలవాలి కదమ్మా" అన్నారాయన. నలభై మూడో గురువారం ఆయన వెళ్లేసరికి గుమ్మం బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. తలుపు మూసే ఉంది. మాస్టారు ఆ కుర్చీలో కూర్చుని పది నిమిషాలుండి వచ్చి, రాత్రి నాకు ఫోన్ చేశారు. "కుర్చీ వేశాడమ్మా" అన్నారు. ఆ పెద్దాయన గొంతు వణకడం నేను అప్పుడే విన్నాను.

ఆ తర్వాత మూడు వారాలకి తలుపు తీశాడు. రెండు నెలలకి ఆసుపత్రికొచ్చాడు. మానేశాక మూడుసార్లు మళ్లీ పడ్డాడు. ఒకసారి ఏడు నెలలు బాగుండి, బామ్మర్ది పెళ్లిలో తాగాడు. ఇప్పుడు ఆరేళ్లయింది, ముట్టుకోలేదు. మారుమనస్సు పొందాడా అని సంఘంలో కొందరు అడుగుతారు. ఆయన గుడికొచ్చి వెనక బెంచీలో కూర్చుని ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోతాడు. దేవునికీ ఆయనకీ మధ్య లెక్క నాకెందుకు? ఇంటికి బియ్యం వస్తున్నాయి, ఆమె ఒంటి మీద దెబ్బ లేదు.

ఈ అనుభవంలోంచి కొన్ని చిన్న సంగతులు, మీకు పనికొస్తాయని. మాట్లాడాలంటే పొద్దున్నే, తాగకముందు. తాగి ఉన్న మనిషితో వాదన పెట్టుకోకండి, రాత్రి మీరేమన్నా పొద్దునకి ఆయనకి గుర్తుండదు, మీకు మాత్రం వారం రోజులు గుండెలో మండుతుంది. పాతకాలపు సంఘ గురువు అగస్టీను గారి తల్లి మోనికా, ఒక బిషప్పు గారి కాళ్లావేళ్లా పడిందట, మీరు నా కొడుకుతో వాదించి వాణ్ణి మార్చండి అని. ఆయన ఒప్పుకోలేదు. వాడిప్పుడు వినే స్థితిలో లేడు, వదిలెయ్, వాడికోసం ప్రార్థన చేస్తూ ఉండు అన్నాడు. 354లో పుట్టిన ఆ కొడుకు బాప్తిస్మం తీసుకున్నది 387లో. ఆ తల్లి అదే ఏడు కన్నుమూసింది. కొడుకు కోసం అంత ఏడ్చిన తల్లికి కూడా నోరు మూసుకుని ఉండమన్న సలహా దొరికింది చూడండి.

దయచేసి ఆయన పేరు పెట్టి సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టకండి. రెండొందల మంది చూస్తారు, నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు, సాయంత్రానికి వీధి చివర టీకొట్టులో ఆయనకే ఆ సంగతి తెలుస్తుంది. అలాగే నాలుగు వారాలు మానగానే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. అలా చెప్పించిన ఒక అబ్బాయి నెల తిరక్కుండా మళ్లీ తాగాడు. తాగినందుకంటే, చప్పట్లు కొట్టినవాళ్ల మొహం చూడలేక గుడికి రావడం మానేశాడు. మేం వాణ్ణి అలా పోగొట్టుకున్నాం.

ఇంకో సంగతి. తాగేవాడి బాధ తాగేవాడికే బాగా తెలుస్తుంది. 1935లో అమెరికాలో తాగుడుకి బానిసలైన ఇద్దరు, ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల కూడిక. కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే కూడికలుంటాయి. మీ దగ్గరలో ఉన్నాయేమో వాకబు చేయండి. అన్నయ్య రాకపోయినా మీరు వెళ్లొచ్చు.

మరి చేతకాకపోతే? అది కూడా అడిగారు మీరు, వేరే మాటల్లో.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూడండి. మార్కు అనే యోహాను మొదటి ప్రయాణంలో పంఫూలియలో పౌలునీ బర్నబానీ వదిలేసి వెళ్లిపోయాడు. రెండోసారి ప్రయాణానికి వాణ్ణి తీసుకెళ్దామని బర్నబా అంటే, పౌలు వద్దన్నాడు. ఇద్దరికీ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు కూడా. బర్నబా మార్కుని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. చాలా ఏళ్ల తర్వాత చెరసాల నుంచి తిమోతికి రాస్తూ అదే పౌలు, మార్కుని తీసుకుని రా, వాడు నాకు పరిచర్యకి ప్రయోజనకరమైనవాడు అన్నాడు. పౌలంతటివాడికి ఒక మనిషి చేతకాలేదు. అందుకని మార్కు పోలేదు, బర్నబా పట్టుకున్నాడు కాబట్టి. ఆ పౌలుని కూడా, యెరూషలేములో అందరూ భయపడి దగ్గరికి రానివ్వనప్పుడు, చేయిపట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది బర్నబాయే. మీకు ఈ ఏడాది చేతకాకపోతే, మీ అన్నయ్యకి బర్నబా ఎవరవుతారో వెతకండి. మీరు పక్కకి జరగడం పాపం కాదు. ఎవరికీ అప్పజెప్పకుండా జరగడమే నాకు భయం.

అన్ని ఇళ్లూ మిర్చి యార్డు ఆయన ఇల్లులా కావు, అది దాచను. ఒక టీచరు గారింటికి తొమ్మిదేళ్లు తిరిగాం. ఆయన మారలేదు. లివరు పోయి, పొట్ట ఉబ్బి, పచ్చగా అయిపోయి మంచాన పడ్డారు. చివరి మూడు నెలలు నేను వెళ్లి గడ్డం గీసేదాన్ని. చర్మం పల్చబడి, బ్లేడు ఏమాత్రం గట్టిగా తగిలినా రక్తం ఆగేది కాదు, అందుకని వేడినీళ్ల గుడ్డ చాలాసేపు వేసి మెత్తబరిచి, మెల్లగా గీసేదాన్ని. ఒకరోజు కళ్లు మూసుకునే, "మళ్లీ గురువారం వస్తారా సిస్టర్" అన్నారు. వస్తానన్నాను. బుధవారం పోయారు. గురువారం వెళ్లాను, సమాధి కార్యక్రమానికి. ఆ తొమ్మిదేళ్లు వృథా అని మా మాస్టారు గానీ నేను గానీ ఏ రోజూ అనుకోలేదు.

మా గుంటూరు, మీ విజయవాడ అని లేదు, ఈ నేల మీద సువార్త పనే అలా సాగింది. అమెరికా మిషనరీ డాక్టరు కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చారు. ఆమె కట్టించిన ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. నర్సింగ్ చదివే రోజుల్లో ఆ పదిహేనేళ్లు నాకు ఒక తారీఖుగా మాత్రమే తెలుసు. ఇళ్ల దర్శనాలకి తిరగడం మొదలుపెట్టాక ఆ పదిహేనేళ్లలో ఎన్ని మూసిన తలుపులుండి ఉంటాయో అనిపించింది.

చివరిగా మీ గురించి. ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యం రాశారు, "చిన్నప్పటినుంచీ బుద్ధిగా ఉన్నదాన్ని నన్నెవరూ అడగరు, అందరి ధ్యాసా వాడి మీదే" అని. రాసి, వెంటనే క్షమించమని కూడా అడిగారు. ఎందుకమ్మా క్షమించడం? తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు కోపంతో ఇంట్లోకి రాలేదు. విందు వదిలేసి బయటికొచ్చి వాణ్ణి బతిమాలింది కూడా ఆ తండ్రే. నీవెల్లప్పుడూ నాతో ఉన్నావు కదా అన్నాడు. ఇంటికి తిరిగొచ్చినవాడి కోసం పరుగెత్తినవాడే, బయట నిలబడినవాడి కోసం కూడా లేచొచ్చాడు. మీ అలసట ఆయనకి కనిపిస్తోంది.

మీ ఆయన మీద కోపం తెచ్చుకోకండి. గడప తొక్కనివ్వొద్దన్నది మీమీద ప్రేమతోనే. పసిపిల్లలున్న ఇంట్లో తాగి వచ్చే మనిషిని గడప అవతలే ఆపడం న్యాయం కూడా. అన్నయ్యని బయట, పొద్దున పూట, టీకొట్టు దగ్గర కలుస్తానని ఆయనకి చెప్పి చూడండి. ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఈ రాత్రి ఒక పని చేయండి. కాగితం తీసుకుని నాలుగు పేర్లు రాయండి. మొదటిది మీది, ఫోన్ చేసే పని ఒక్కటే పెట్టుకోండి. రెండోది అమ్మగారిని చూసుకునేవాళ్లది. మూడోది ఆసుపత్రికి తోడు వెళ్లగలిగేవాళ్లది. నాలుగోది వారానికి ఒక్కరోజు, అదే రోజు, అదే టైముకి వెళ్లి ఆయన్ని పలకరించి వచ్చేవాళ్లది. ఈ నాలుగో పేరే కష్టం. మేనమామ గానీ, ఆటో స్టాండులో పాత స్నేహితుడు గానీ, మీ సంఘ పెద్దల్లో కోపం తక్కువ ఉన్నవాళ్లు గానీ ఉన్నారేమో ఆలోచించండి. దొరక్కపోతే ఇక్కడే జవాబు రాయండి, బెజవాడలో నాకు తెలిసినవాళ్లున్నారు, అడుగుతాను. గురువారాలు ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.